చెల్లి లైన్‌లనా?

"ఆయన ఏమన్నడో గదే చెప్పు, అక్కా. నీకేమనిపించిందో కాదు."

రాజమ్మ మాస్కు కిందికి లాగి కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆదివారం సాయంత్రం బయటికి పోయిన మొగుడు గురువారం మధ్యాహ్నానికి కూడా తిరిగి రాని ఆడమనిషిని ఇలా మాటలు పట్టుకుని పీడించడం నాకూ బాగాలేదు. కానీ నేను పరామర్శకు రాలేదు.

"చెల్లె కాడికి పోతున్న అన్నడు" అంది.

"నీతో అన్నడా?"

"నాతోని కాదు. పోన్ల."

"చెల్లెతోనే మాట్లాడుతుంటె 'నీ కాడికొస్తున్న' అనాలె గద. 'చెల్లె కాడికి పోతున్న' అని ఎందుకంటడు?"

ఆమె కాసేపు ఆలోచించింది. గుజరాత్‌కు వలస వచ్చిన మగ్గాలవాళ్ల పేట భేస్తాన్‌లో వాళ్లది ఒకే గది. కింద కార్ఖానాలో మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి, ఆ అదురుకి గిన్నెల బల్ల సన్నగా మోగుతోంది. రెండో వేవ్ తగ్గిందని పేపర్లు రాస్తున్నాయి. తగ్గేలోపు అది ఈ ఇంట్లోంచి తీసుకెళ్లాల్సింది తీసుకెళ్లింది.

"అట్ల గాదు మేడం. పోన్ ఎత్తిండు. 'చెల్లి లైన్‌లనా? ఆగు, వస్తున్న' అన్నడు. చెప్పులేసుకుని పోయిండు. గంతే."

"చెల్లి అన్నడా, చెల్లె అన్నడా?"

రాజమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "రెండొకటే గదా."

"హారతిని ఆయన ఏమని పిలుస్తడు?"

"చెల్లె అనే పిలుస్తడు. మా దిక్కు అందరం అట్లనే అంటం." ఆగింది. "అవు, పోన్ల మాత్రం చెల్లి అన్నడు. పోన్ల గదా, జర ఇస్టయిల్ కొట్టిండనుకున్న."

నేను ఆ ఒక్క అక్షరాన్ని పక్కన పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో అప్పటికి నాకే తెలియదు.

"ఈ మాట గిట్లనే ఇంకెవలకన్న చెప్పినవా?"

"ఎవ్వలడిగిన్రు? పోలీసోళ్లు ఎటు పోయిండన్నరు, చెల్లె కాడికన్న. రాసుకుని పోయిన్రు. మేం ఇల్లు కొన్న టౌన్‌షిప్ కెళ్లి కాపలా రాంప్రసాద్ సారొచ్చిండు, ఆయనా అదే అడిగిండు, అదే చెప్పిన. నువ్వొక్కదానివే మాట మాట గుంజుతున్నవ్."

"మల్ల ఎవ్వలకు చెప్పకు."

తలూపింది. అలిగి విడిపోయిన చెల్లెలు, ఆమె దగ్గరికి పోతానని బయల్దేరిన అన్న సోమలింగం, ఆ తర్వాత అతని జాడ లేదు. అందుకే హారతి భర్త ప్రణయ్ మొన్నటి నుంచి పోలీస్ స్టేషన్ బెంచీ మీద ఉన్నాడు. ఇవాళో రేపో బెంచీ మీంచి లోపలికి పంపిస్తారు. భర్తను విడిపించమని, అన్నను వెతకమని హారతి నా డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చింది. రెండు పనులూ ఒకటేనని నాకు అనిపించింది.

"ఆయనకు చెల్లెతోని మాటల్లేవు గద. పోన్ రాంగనే ఎట్ల నమ్మినవ్?"

రాజమ్మ గోడవైపు చూపించింది. దేవుడి పటం పక్కన మయూర్‌కుంజ్ టౌన్‌షిప్ బ్రోచర్ నుంచి చింపిన ఇంటి ప్లాను అతికించి ఉంది. క్లబ్‌హౌస్, గుడి, నడకదారి, చుట్టూ పచ్చదనం, ముఖంలో దిగులే లేని బొమ్మ మనుషులు. ప్లానులో కింది వెనకగదికి కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

"అది మా అత్త అర్ర. ఆమెకు మెట్లెక్కరాదని కింద అర్రున్న ఇల్లే గావాలన్నడు. కొరోనా మొదలైన కాంచి ఇగిస్తం అగిస్తమన్నరు, ఇయ్యలే. మొన్న ఏప్రిల్‌ల నాకు జరమొస్తె ఆమెను హారతింటికి పంపినం. ఆడ కూడ ఒక్కటే అర్ర. అందరికి అంటుకున్నది. మేమందరం లేసినం, ఆమె లేవలే." ప్లాను మీద లేచిన అంచును వేలితో అదిమింది. "ఇల్లు ఇల్లని అమ్మను చంపినవని హారతి ఆయన్ను అన్నది. ఆయన మారుమాట అనలే. గని రేపు ఇంట్ల పాలు పొంగిచ్చేది ఆడిబిడ్డనే గదా మేడం. ఆమె రాకుంటె ఆ ఇంట్ల కాలెట్ల పెడ్తం? కలుపుకునేతందుకు పిలిచింది, పోయిండనుకున్న."

అబద్ధం ఎక్కడా లేదు. ఒక మంచి ఆశ చెవిలో కూర్చుంటే ఎవరికైనా తమకు కావలసిన మాటే వినిపిస్తుంది.

"పోయే ముందు నాలుగొద్దులు ఆయన ఎట్లుండె?"

"అన్నం ముట్టలే. పోన్ల ఏందో ఫోటో చూసుకుంట కూసునేటోడు. నేను పోతె దాసేటోడు."

కిందికి దిగితే హారతి స్కూటీ దగ్గర నిలబడి ఉంది. వదినె గది మెట్లు ఎక్కనని వచ్చేటప్పుడే చెప్పింది. ఇప్పుడు మాత్రం మెల్లగా అడిగింది. "వదినె తిన్నదా మేడం?"

తినలేదని చెప్పాను. ఇద్దరం మయూర్‌కుంజ్‌కు బయల్దేరాం.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్లకు టౌన్‌షిప్‌లు తెలియవు కాబట్టి అక్కడితో ఆపారు. మయూర్‌కుంజ్ గేటు దగ్గర ముసలి వాచ్‌మన్ చేతిలో జ్వరం చూసే తుపాకీతో లేచాడు. ఇల్లు కొనడానికి వచ్చామన్నాను. తుపాకీ మా నుదుటికి పెట్టి, శానిటైజర్ పోసి, నవ్వుతూ గేటు తీశాడు. కొనడానికి వచ్చామంటే ఏ గేటైనా తెరుచుకుంటుంది, కొన్నవాళ్లమని వస్తేనే ఆ గేటు మూసుకుంటుంది. సోమలింగాన్ని ఇదే గేటు దగ్గర ఎన్నిసార్లు తిప్పి పంపారో హారతి దారిలోనే చెప్పింది.

శాంపిల్ హౌస్ అటు అని కుడివైపు చూపించాడు. ఎడమవైపు రోడ్డు చివర ఇళ్లు కనబడుతున్నాయి. అటు వెళ్తామన్నాను. చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఛెల్లీ లైన్‌మా జవాను నథీ, బెన్."

నేను అక్కడే ఆగిపోయాను.

"ఏమంటుండు?" అన్నాను హారతితో. గుజరాతీ నాకు రాక కాదు, ఆ మాట ఇంకో నోట వినాలని.

"ఆఖరి వరుసల్లకు పోవద్దంటుండు మేడం. ఛెల్లీ అంటె ఆఖరిది."

హారతి ఇక్కడే పుట్టి పెరిగింది, ఆమెకు ఇది వింత కాదు. రాజమ్మ సిరిసిల్ల నుంచి వచ్చింది, వచ్చిన కొన్నాళ్లకే లాక్‌డౌన్ పడి గది దాటలేదు. ఆమె చెవికి ఛెల్లీ అన్నా చెల్లి అన్నా ఇంటి ఆడబిడ్డే. లైన్ అంటే ఫోన్ లైనే. సోమలింగం చెల్లెలి మాటే ఎత్తలేదు. టౌన్‌షిప్‌లో అందరూ పిలిచే పేరుతోనే ఆఖరి వరుసలోనా, ఆగు, వస్తున్నా అన్నాడు. ఆ పొరపాటు మీద ప్రణయ్ నాలుగు గోడల మధ్యకు పోబోతున్నాడు.

హారతికి ఏమీ చెప్పలేదు. రుజువు దొరికాక చెబుదామనుకున్నాను. అక్కడ తప్పు చేశాను.

శాంపిల్ హౌస్‌లోకి ముందు తలుపు నుంచి వెళ్లి, వెనక తలుపు నుంచి బయటపడ్డాం. సోమలింగం ఇల్లు ఆఖరి వరుసలో ఆఖరిది. దాని వెనక ప్రహరీ, ప్రహరీ వెనక చెరుకు తోట. చుట్టుపక్కల ఇళ్లకు కిటికీలు లేవు, కొన్నింటికి తలుపులూ లేవు. కూలీలు లాక్‌డౌన్‌లో ఊళ్లకు పోయారు, తిరిగి వచ్చినవాళ్లు కూడా ముందు వరుసల్లోనే పని చేస్తున్నారు. ఈ ఇంటికి మాత్రం వీధి తలుపు బిగించి ఉంది, గొళ్లేనికి తాళం ఉంది. వంటింటి కిటికీకి అద్దం లేదు. నేను ముందు ఎక్కి దూకాను, హారతికి చెయ్యి అందించాను.

వెనకగది తలుపు నెట్టగానే హారతి గడపను చూసింది. గడప నేలకు సమానంగా ఉంది. కాలికి తగలకుండా అలా చేయించమని సోమలింగం అడిగి చేయించుకున్నాడట. కిటికీ కూడా మంచంమీద పడుకున్న మనిషికి బయటిది కనబడే ఎత్తులోనే పెట్టారు. ఒక కొడుకు అమ్మ కోసం ఎంత ఆలోచించగలడో అంతా ఆ గదిలో ఉంది.

"నేలంత గీ గుండ్రాలేంది?" అంది హారతి.

కొత్త పలకల మీద తుప్పు రంగు వలయాలు. అన్నం పళ్లెం కంటే కాస్త చిన్నవి. ఒకదానికొకటి ఆనుకుని గోడ పొడవునా వరుసలు వరుసలుగా ఉన్నాయి. కొన్నిచోట్ల పలక అంచు పగిలింది, బరువైనదేదో దొర్లించినట్టు గీతలు గుమ్మం దాకా ఉన్నాయి. గోడకు నల్లరంగు రాసుకుని ఉంది. ఆ నలుపు పైన, నా ఛాతీ ఎత్తున, తెల్లరంగు రాపిడి.

హజీరాలో ఒక కంపెనీ సెక్యూరిటీలో పదేళ్లు పనిచేశాను. సిలిండర్ల యార్డు గేటు దగ్గర ఎండలో నిలబడి రంగులు చూసి లోపలికి పంపేదాన్ని. ఒళ్లు నలుపు, భుజాలు తెలుపు అయితే అది ఒక్కటే.

"డ్రమ్ములు పెట్టిన్రా మేడం?"

చెప్పకుండా ఉందామా అనిపించింది. చెప్పకపోయినా ఇంకొకరు చెబుతారు, ఇంకా నిర్దయగా చెబుతారు.

"కాదు హారతి. ఆక్సిజన్."

ఆమె గదంతా ఒకసారి చూసింది. వంగి ఒక వలయం మీద అరచెయ్యి పెట్టింది. తర్వాత అక్కడే కూర్చుండిపోయింది.

"మా ఆయన ఆ రాత్రి తెల్లార్లు బైకు మీద తిరిగిండు" అంది. "ఉధ్నా తిరిగిండు, లింబాయత్ తిరిగిండు. ఎవల కాళ్లు పట్టుకున్నడో ఇప్పటిదాక నాకు చెప్పలే. ఒక్కటి దొరకలే. అమ్మ నా ఒళ్లె ఎగపోసింది. గివ్వి అప్పుడు ఈడనే ఉండెనా? అమ్మ అర్రల?"

ఆ తుప్పు మచ్చలు రెండు రోజులవి కాదు, తలూపాను. పనిలో ఉండగా ఏడవకూడదని ఎవరు పెట్టారో గానీ ఆ నియమం మీద మొదటిసారి కోపం వచ్చింది.

ఇక సోమలింగం సంగతి అర్థమైంది. తన ఇల్లు ఎంతవరకు వచ్చిందో చూసుకుందామని గోడ దూకి వచ్చి ఉంటాడు. అద్దంలేని కిటికీలోంచి అమ్మగదిలో బ్లాకులో అమ్మడానికి దాచిన సిలిండర్లు చూసి ఫోటో తీసుకున్నాడు. ఆ ఫోటో భార్యకు చూపలేకపోయాడు. అసలే ఇల్లు అమ్మను చంపిందన్న చెల్లెలికి ఏ ముఖంతో చూపిస్తాడు? తనే మాట్లాడి తేల్చుకుందామని అడిగి ఉంటాడు, ఎవరిని అడక్కూడదో వాళ్లనే. ఆదివారం వాళ్లు పిలిచారు. ఆ తర్వాత సిలిండర్లు ఇక్కణ్ణుంచి తరలిపోయాయి, మచ్చలు మిగిలాయి.

తలుపు వెనక మూలలో ఏదో మెరిసింది. నూలు పోగులు తెంపే చిన్న ఇనుప కత్తెర, పిడికి ఎర్రదారం. మగ్గాల మాస్టర్లు మెడలో వేసుకుని తిరుగుతారు. దారం ముడి దగ్గర కాదు, మధ్యలో తెగి ఉంది.

"ఇది మా అన్నదే" అంది హారతి. "ఆ దారం నేను కట్టిందే, రాఖీకి."

రుమాలులో చుట్టి సంచిలో వేసుకున్నాను. మెట్ల వైపు చూశాను. పైన గదికి తలుపు ఉంది. తలుపుకు మెరిసే కొత్త తాళం ఉంది. కిటికీలకు అద్దాలు లేని ఇంట్లో పైగదికి తాళం ఎందుకని మొదటి మెట్టు మీద కాలు పెట్టాను.

వీధి తలుపు తాళం తీసిన చప్పుడైంది.

"ఇల్లు నచ్చిందా మేడం?"

రాంప్రసాద్. ఒకప్పుడు హజీరాలో నా కింద పనిచేసినవాడు. ఇప్పుడు మయూర్‌కుంజ్ కాపలా అంతా అతని ఏజెన్సీదే, నాలాగే సొంతంగా డిటెక్టివ్ బోర్డు కూడా పెట్టుకున్నాడు. సోమలింగం కేసులో హారతి మొగుణ్ణి పట్టుకోండని పోలీసులకు దారి చూపించిన పెద్దమనిషి ఇతనే. ఇస్త్రీ చొక్కా, మెడలో ఏజెన్సీ కార్డు, ముఖానికి ఖరీదైన మాస్కు.

"నచ్చింది" అన్నాను. "కొన్నోళ్లకు మాత్రం ఎందుకు చూపిస్తలేరో అర్థమైతలేదు."

"కన్స్ట్రక్షన్ సైట్ మేడం. ఏదన్న మీద పడితె ఎవలు జవాబు? కిటికీ దూకొచ్చుడు మీ వయసుకు బాగుంటదా?"

"నా వయసు సంగతి నీకెందుకు గాని, ఆ వెనక అర్రల ఏం పెట్టినవ్ చెప్పు."

"రంగు డబ్బాలు."

"రంగు డబ్బాలకు తెల్ల భుజాలుంటయా?"

అతను గోడవైపు చూడలేదు. చూడనివాడికి అక్కడేముందో ముందే తెలిసి ఉంటుంది.

"మీకు అన్నిట్ల కత లేపుడు అలవాటు, మేడం. హజీరాల గూడ గంతే. అందుకే ఆడనుంచి మిమ్మల్ని సాగనంపిన్రు."

"నన్ను సాగనంపలే. నేనే వచ్చిన. నిన్ను ఎందుకు పంపిన్రో ఈ పిల్లకు చెప్పమంటవా?"

అతని చెవుల అంచులు ఎర్రబడ్డాయి. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కార్డు సర్దుకున్నాడు. తర్వాత గొంతు మార్చి, వెనకగది నేలమీద ఇంకా కూర్చునే ఉన్న హారతి వైపు తిరిగి, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు మొదలుపెట్టాడు.

"చూడు చెల్లె, మీ ఇంటి లొల్లి టౌన్‌షిప్ మీద రుద్దకున్రి. మీ అన్న ఈడికి రాలే. నీ కాడికే వచ్చిండు. మీ వదినెనే చెప్పింది గదా. 'చెల్లి లైన్‌లనా? ఆగు, వస్తున్న' అన్నోడు చెల్లె కోసం గాక ఎవల కోసం పోతడు?"

నేను మెట్టు మీంచి కాలు కిందికి దించాను.

ఆ మాటను ఆ మాటగా రాజమ్మ ఎవరికీ చెప్పలేదు. పోలీసులకు చెప్పలేదు, రాంప్రసాద్‌కు చెప్పలేదు, ఇవాళ మధ్యాహ్నం నాకే చెప్పింది. ఆ మాట విన్నవాళ్లు ఆమె కాక ఇంకొకరే ఉన్నారు. ఫోన్‌కు అవతల ఉన్నవాడు.

ఒకే ఊపిరిలో తన మాటకు చెల్లె అన్నాడు, సోమలింగం మాటకు చెల్లి అన్నాడు. విన్నది విన్నట్టు అప్పజెప్పాడు, అంత మంచి జ్ఞాపకశక్తి అతనిది. రాజమ్మ చెవి చేసిన పొరపాటు ఆమె నోటే విని ఎంత సంబరపడి ఉంటాడో.

నా ముఖంలో మారింది ఏదైనా ఉంటే మాస్కు కప్పింది. నెమ్మదిగా సంచి భుజానికి వేసుకున్నాను.

"నిజమే, రాంప్రసాద్. నేనే ఎక్కువ ఆలోచించినట్టున్న. లే హారతి, పోదాం."

హారతి లేవలేదు.

"లైన్‌లనా అన్నడా?" అంది. గేటు దగ్గర వాచ్‌మన్ మాట ఇంకా చెవిలో ఉన్న పిల్ల. "ఛెల్లీ లైన్‌లనా?"

"హారతి, లే."

"ఆగున్రి మేడం." ఆమె రాంప్రసాద్ వైపే చూస్తోంది. "పోలీసోళ్లు నాకు గీ మాట చెప్పలే. నీ కాడికొస్తనన్నడంట అన్నరు గంతే. నీకెవలు చెప్పిన్రు?"

"మీ వదినె."

హారతి నా వైపు తిరిగింది. అవునని అంటే చాలు, బయటపడేవాళ్లం. అనాలనుకున్నాను. నోరు ఒక్క క్షణం ఆలస్యం చేసింది, ఆ క్షణం అతనికి చాలింది.

"మాస్కు మూతిని దాస్తది మేడం" అన్నాడు రాంప్రసాద్ మెత్తగా. "కండ్లను దాయది."

అప్పుడు మా తలల మీద, ఆ కొత్త తాళం వెనక, ఏదో నేలకు ఒరుసుకుంది. ఆ వెంటనే దగ్గు. నోటికి గుడ్డ అడ్డం పెడితే వచ్చే దగ్గు, అణచినా ఆగక, ఆగి మళ్లీ మొదలయ్యే దగ్గు. మగ్గాల నూలుపొట్టు ఏళ్ల తరబడి మింగినవాళ్లది అలాగే ఉంటుంది.

హారతి ఒక్క ఊపున లేచింది. ఏప్రిల్ నుంచి ముఖం చూడనని ఒట్టు పెట్టుకున్న మనిషి దగ్గును గుర్తుపట్టడానికి ఆమెకు రెండోసారి వినాల్సిన అవసరం రాలేదు.

"అన్న" అంది. "అన్న బతికే ఉన్నడు మేడం."

"ఫోటోలు ఎవలెవలకు పంపిండో చెప్పుమంటే చెప్తలేడు" అన్నాడు రాంప్రసాద్. "మొండోడు. నువ్వడిగితె చెప్తడేమో."

వెనక్కి చెయ్యి చాపి వీధి తలుపు మూశాడు. లోపలి గడియ పెట్టాడు. వంటింటి కిటికీ అవతల ఎవరో వచ్చి నిలబడ్డారు, వెలుతురు సగమైంది.

"కూసో, చెల్లె" అన్నాడు.

ఈసారి ఎవరి మాటా అప్పజెప్పలేదు, తన మాటగానే అన్నాడు.